కొండ బాట మీద మొహమాటం

స్నేహితులతో కలిసి ఒక రోజు కొండల్లో సైకిల్ తొక్కుదామని బయలుదేరేవాళ్ళు వాతావరణం చూసుకుంటారు, దారి చూసుకుంటారు, తిండీ నీళ్ళూ సర్దుకుంటారు. ఇవన్నీ కావలసినవే. అయితే అద్దె సైకిల్ మీద, కొత్త కొండ మీద, తమకంటే బాగా తొక్కేవాళ్ళ మధ్య గడిపే రోజు ఎలా ముగుస్తుందనేది వీటన్నిటికంటే ఎక్కువగా ఒక్క మాట మీద ఆధారపడి ఉంటుంది. ‘నాకు వచ్చింది ఇంతే’ అనే మాట అది. ఆ మాట అననీయకుండా నోటికి అడ్డొచ్చేది మొహమాటం. తనకు ఎంత వచ్చో ప్రతి మనిషికీ లోలోపల తెలుసు. తెలిసినదాన్ని నలుగురి ముందు పైకి అనడమే కష్టం. ఆఫీసు మీటింగులో అర్థం కాని విషయానికి తల ఊపేస్తే దాని ఫలితం ఆరు నెలల తర్వాత ఎప్పుడో, ఎవరి మీదో పడుతుంది. అది మొహమాటం వల్ల జరిగిందని ఎవరూ గుర్తుపట్టరు, తల ఊపినవాళ్ళకే గుర్తుండదు. కొండ దిగుడులో అలా కుదరదు. పైన నిలబడి ‘సరే, వస్తా’ అన్న మాటకూ దాని ఫలితానికీ మధ్య ఒక్కోసారి పది సెకన్లు కూడా ఉండవు. మొహమాటం మనిషిని ఎక్కడ ఎలా నడిపిస్తుందో ఇంత దగ్గరగా, ఇంత తొందరగా చూపించే చోట్లు తక్కువ. వ్యక్తిత్వ వికాసం గురించి రాసే పుస్తకంలో కొండ సైకిల్‌కు ఒక అధ్యాయం కేటాయించడానికి కారణం అదే.

మాట గాలిలో తేలిపోకుండా ఒక నిజమైన చోటు తీసుకుందాం. శాన్ ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన మరిన్ కౌంటీ ఉంది. కొండ సైకిల్ ఒక ఆటగా రూపు దిద్దుకున్నది 1970లలో, అక్కడి టమాల్‌పయస్ కొండ పరిసరాల్లోనే. బే ఏరియాలో ఫ్రీమాంట్, డబ్లిన్, శాన్ రామోన్, సన్నీవేల్ లాంటి ఊళ్ళలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు అది సెలవు రోజున కారులో వెళ్ళొచ్చేంత దూరం. మరిన్‌లో మనిషి పట్టేంత సన్న బాటల మీద సైకిళ్ళను అన్నిచోట్లా రానివ్వరు. టమాల్‌పయస్ మీద చాలా వరకు మంటలార్పే వాహనాల కోసం వేసిన వెడల్పాటి మట్టి రోడ్ల మీదే తొక్కాలి. అక్కడ గంటకు 15 మైళ్ళు, ఎదురు కనిపించని మలుపుల్లో 5 మైళ్ళు దాటకూడదు. శాన్ రఫేల్ దగ్గర, శాన్ పాబ్లో బే ఒడ్డున ఉన్న చైనా క్యాంప్ స్టేట్ పార్క్‌లో మాత్రం సన్న బాటల మీదే తొక్కనిస్తారు. నీటి అంచుకు దగ్గరగా సాగే షోర్‌లైన్ బాట ఒకటి, దానికి పైన కొండ వాలు మీద బే వ్యూ బాట ఒకటి. కొత్తవాళ్ళకూ పాతవాళ్ళకూ ఒకే చోట పని దొరుకుతుంది కాబట్టి మన ఉదాహరణకు ఇది సరిపోతుంది. ఇలాంటి చోటికి వెళ్ళే జట్టు కూడా దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఒకరికి మంచి సొంత సైకిల్ ఉంటుంది, వారం వారం తొక్కే అలవాటుంటుంది. ఒకరు ఇదివరకు ఒకటి రెండుసార్లు వచ్చి ఉంటారు. మిగతావాళ్ళు సైకిల్ చివరిసారి తొక్కింది బడి రోజుల్లో. వాట్సాప్ గ్రూపులో శనివారం అనగానే అందరూ బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టేస్తారు. ఆ బొమ్మల్లో ఎవరిది నిజమైన ఉత్సాహమో, ఎవరిది కాదనలేక పెట్టిందో తెలుసుకునే వీలు లేదు.

మొహమాటం మొదట పని చేసేది కొండ మీద కాదు, సైకిళ్ళు అద్దెకిచ్చే దుకాణంలో. అక్కడ అడిగేవి మూడే: ఎత్తు, బరువు, అనుభవం. ఎత్తు విషయంలో ఎవరూ అబద్ధం చెప్పరు. బరువు దగ్గరికొచ్చేసరికి 84 కిలోల మనిషి, పక్కన స్నేహితులు వింటున్నారని, 75కి సరిపడే పౌండ్లు చెప్పేస్తారు. అది కేవలం లెక్కల కాగితం కోసం అనుకుంటారు. నిజానికి ఆ అంకె నేరుగా సైకిల్ లోపలికి వెళ్తుంది. ముందు ఫోర్కులోనూ వెనక షాక్‌లోనూ, అంటే కుదుపులు తగ్గించే భాగాల్లో, ఎంత గాలి నింపాలో దాన్ని బట్టే తేలుస్తారు. మీరు సీటు మీద కూర్చోగానే వెనక షాక్ తన మొత్తం కదలికలో సుమారు నాలుగో వంతు నుంచి 30 శాతం దాకా కుంగాలి. షాక్ కడ్డీ మీద సన్నని రబ్బరు రింగు ఒకటి ఉంటుంది. దాన్ని పైకి జరిపి, నెమ్మదిగా కూర్చుని, నెమ్మదిగా దిగి చూస్తే అది ఎంత దూరం జారిందో కనిపిస్తుంది. చెప్పిన బరువు తక్కువైతే గాలి తక్కువవుతుంది, సైకిల్ ఉండాల్సినదానికంటే కిందికి కుంగి నడుస్తుంది, చదునుగా కనిపించిన చోట కూడా పెడల్ రాయికో వేరుకో తగులుతుంది. పెద్ద గుంతలో షాక్ చివరిదాకా వెళ్ళి గట్టిగా కొడుతుంది. అప్పుడు తొక్కేవాళ్ళు తమకు చేతకావడం లేదనుకుంటారు, పక్కవాళ్ళూ అదే అనుకుంటారు. వీపు సంచిలో 3 లీటర్ల నీళ్ళుంటే మరో 3 కిలోలు కలిపి చెప్పాలన్నది కూడా చాలామందికి తట్టదు.

అనుభవం అడిగినప్పుడు పరిస్థితి ఇంకా సున్నితం. ‘అలవాటుంది’ అని ఒక్క మాట అంటే చాలు, వివరంగా చెప్పాల్సినవి దుకాణంవాళ్ళు చెప్పడం మానేస్తారు. ఆ చెప్పనివాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది బ్రేకు. అమెరికాలో అమ్మే సైకిళ్ళకు మామూలుగా ఎడమ చేతి బ్రేకు ముందు చక్రానికి, కుడి చేతిది వెనక చక్రానికి ఉంటుంది. కొనేవాళ్ళు ప్రత్యేకంగా అడిగితే తప్ప అలాగే ఉండాలని అక్కడి వినియోగదారుల భద్రతా నిబంధన. మనకు అలవాటు దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. యాక్టివా లాంటి స్కూటర్ మీద పెరిగిన చేతికి కుడివైపుది ముందు బ్రేకు. ఎడమవైపుది వెనక చక్రాన్ని ఆపుతుంది, ఈ మధ్య వచ్చిన బళ్ళలో అయితే రెండిటినీ కలిపి నెమ్మదింపజేస్తుంది. అంటే కంగారులో నొక్కినా పెద్ద ప్రమాదం లేనిది ఎడమ బ్రేకు అని ఆ చేతికి ఏళ్ళ తరబడి తెలుసు. అదే చెయ్యి కాలిఫోర్నియాలో వాలు దిగుతూ కంగారుపడి ఎడమ బ్రేకు గట్టిగా నొక్కితే ముందు చక్రం ఒక్కటే ఆగిపోతుంది, మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకు పడతారు. పైగా ఇవి నూనె ఒత్తిడితో పనిచేసే డిస్క్ బ్రేకులు, ఒక్క వేలు సరిపోతుంది. పాత కడ్డీ బ్రేకుల సైకిల్‌ను ఆపడానికి నాలుగు వేళ్ళతో పిసికిన అలవాటు ఇక్కడ పనికిరాదు. దుకాణం ముందున్న పార్కింగ్ స్థలంలో ఐదు నిమిషాలు అటూ ఇటూ తిరిగి, ఒక్కో బ్రేకూ విడిగా, ఒక్క వేలితో నొక్కి చూసుకుంటే చెయ్యి కొత్త పాఠం కొంతైనా నేర్చుకుంటుంది. ఆ ఐదు నిమిషాలు అడగాలంటే ‘నాకు అలవాటు లేదు’ అని ముందు ఒప్పుకోవాలి. బూటును పెడల్‌కు బిగించే రకం వద్దు, మామూలు చదును పెడల్ ఇవ్వండి అని అడగడానికీ, దిగుడులో సీటును కిందికి దించే మీట ఎక్కడుందో చూపించమనడానికీ అదే మాట కావాలి.

ఇక్కడ మన ఇళ్ళలో కనిపించే ఒక అలవాటు గురించి చెప్పాలి. దుకాణంలో భార్యను అడిగిన ప్రశ్నకు భర్త జవాబిస్తారు: ‘పర్లేదు, తను తొక్కేస్తుంది.’ పిల్లల తరఫున తండ్రి, ఊరి నుంచి వచ్చిన తమ్ముడి తరఫున అన్న ఇలాగే మాట్లాడేస్తారు. ప్రేమతోనే అంటారు, సందేహం లేదు. కానీ ఒకరి స్థాయి ఇంకొకరు చెప్పేస్తే, ఆ తర్వాత అది నిజం కాదని నోరు తెరవడం రెట్టింపు కష్టమవుతుంది. తన భయాన్నే కాదు, తన తరఫున ఇచ్చిన హామీని కూడా కాదనాల్సి వస్తుంది కాబట్టి. ఎవరి బరువు, ఎవరి భయం వాళ్ళే చెప్పుకోనివ్వాలి.

నలుగురిలో నిజం చెప్పడం ఎందుకంత కష్టమో, ఎప్పుడు తేలికవుతుందో చూపించిన ప్రయోగం ఒకటి ప్రసిద్ధమైనది. 1951లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త సాలమన్ ఆష్ ప్రచురించినది. ఒక గదిలో కొందరిని కూర్చోబెట్టి, ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దాని పొడవుకు సమానమైనది ఏదో చెప్పమన్నారు. ఎంత తేలికంటే, ఒంటరిగా అడిగితే దాదాపు ఎవరూ తప్పు చెప్పరు. కానీ ఆ గదిలో ఒక్కరు తప్ప మిగతావాళ్ళంతా ముందే మాట్లాడుకుని పెట్టినవాళ్ళు, అందరూ ఒకే తప్పు జవాబు గట్టిగా చెబుతారు. అప్పుడు ఆ ఒక్కరు, కళ్ళెదుట గీత కనిపిస్తున్నా, దాదాపు మూడో వంతు సార్లు గుంపుతో కలిసి తప్పు చెప్పారు. పాల్గొన్నవాళ్ళలో నాలుగింట మూడు వంతుల మంది కనీసం ఒక్కసారైనా అలా లొంగిపోయారు. ఇంతవరకు చాలామంది వినే ఉంటారు. మనకు పనికొచ్చేది దీని తర్వాతి భాగం. గుంపులో ఒకే ఒక్కరు సరైన జవాబు చెప్పేలా ఏర్పాటు చేసినప్పుడు, ఆ లొంగుబాటు ఒక్కసారిగా పడిపోయి చాలా తక్కువ స్థాయికి చేరింది. గుంపు అంతా మారనక్కరలేదు, మెజారిటీ కూడా అక్కరలేదు. ఇంకొక్క గొంతు చాలు. జట్టులో ‘నేను దిగుడులో నెమ్మది రా, చివర్న వస్తా’ అని మొదట ఎవరు అన్నా, వాళ్ళు తమ ఒక్కరి కోసమే అన్నట్టు కాదు. బొటనవేలు బొమ్మ పెట్టిన మిగతావాళ్ళలో ఇంకొకరికి నోరు తెరిచే వీలు కల్పించినట్టు. అందువల్ల ఈ మాట అనాల్సిన మొదటి బాధ్యత ఎవరిదంటే, జట్టులో అందరికంటే బాగా తొక్కేవాళ్ళది. వాళ్ళు ‘నేను కూడా ఫలానా చోట దిగి నడుస్తాను’ అని ముందుగా అంటే దాని బలం వేరు. కొత్తవాళ్ళు అదే మాట అనడానికి పది రెట్లు ధైర్యం కావాలి. అనుభవజ్ఞులకు అది ఖర్చు లేని పని.

బాట ఎంచుకునేటప్పుడు ఈ నిజాయితీకి తోడుగా ఒక కొలత ఉంది. అంతర్జాతీయ కొండ సైకిల్ సంఘం, అంటే ఇంబా, బాటలకు గుర్తులు పెట్టింది. తెల్ల వృత్తం అన్నిటికంటే తేలిక, ఆకుపచ్చ వృత్తం తేలిక, నీలం చతురస్రం మధ్యస్థం, నల్ల వజ్రం కష్టం, రెండు నల్ల వజ్రాలు అతి కష్టం. ఈ గుర్తులు చెప్పేది రాళ్ళు, వేర్లు, వాలు ఎంత చిక్కుగా ఉన్నాయన్నది మాత్రమే, ఎంత ఆయాసం వస్తుందన్నది కాదు. రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తే మనిషి ఊపిరి గురించి నిశ్చింతగా ఉండవచ్చు, కానీ నీలం బాట మీద వాళ్ళూ కొత్తవాళ్ళే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మీద వందల కిలోమీటర్లు తొక్కినవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ కాళ్ళు బలపడతాయి, కానీ వదులు గులకరాళ్ళ మీద ఆగడం అక్కడ అలవాటు కాదు. వికారాబాద్ దగ్గర అనంతగిరి లాంటి మన కొండ దారుల్లో ఈ రంగు గుర్తులు సాధారణంగా కనిపించవు, కాబట్టి అక్కడ నోటితో చెప్పుకోవాల్సింది మరింత ఎక్కువ. అమెరికాలో మంచు చరియల ప్రమాదాలను 700కు పైగా పరిశీలించి ఇయన్ మెక్‌కామన్ 2004లో రాసిన వ్యాసం ఈ సందర్భంలో గుర్తుపెట్టుకోదగ్గది. ఆట వేరైనా మనుషులు ఒకటే. ప్రమాదంలో చిక్కిన జట్లకు చాలాసార్లు కళ్ళెదుటే హెచ్చరికలున్నాయి. వాళ్ళను ముందుకు నడిపించినవి తెలిసిన చోటే కదా అనే ధీమా, జట్టు మెప్పు కోసం తపన, ముందు అనుకున్నది మార్చుకోలేకపోవడం, ‘వాడికి బాగా తెలుసు’ అని ఒకరి మీద భారం వేసేయడం. చివరిది తెలుగు జట్లలో మరీ ఎక్కువ. ఆ బాగా తెలిసిన మనిషికి బాట తెలుసు, నిజమే. మీ మోకాలి సంగతి, మీ భయం సంగతి వాళ్ళకు తెలియదు, మీరు చెబితే తప్ప.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. ఇలా ప్రతిచోటా ‘నాకు రాదు, నాకు భయం’ అంటూ పోతే సాహసం ఎక్కడిది, అసలు ఈ ఆట పుట్టిందే తెగింపు నుంచి కదా అంటారు. పుట్టుక గురించి అన్న మాట నిజం. 1976 అక్టోబరు 21న మరిన్‌లోని ఫెయిర్‌ఫాక్స్ దగ్గర కొందరు కుర్రాళ్ళు, దశాబ్దాల నాటి లావు టైర్ల పాత సైకిళ్ళతో ఒక నిటారు కొండ రోడ్డు మీది నుంచి పందెం పెట్టుకున్నారు. రీప్యాక్ పందేలుగా చరిత్రకెక్కినవి అవే. చార్లీ కెల్లీ, గ్యారీ ఫిషర్, జో బ్రీజ్ లాంటి పేర్లు అక్కడి నుంచే వచ్చాయి. 1977లో జో బ్రీజ్ ప్రత్యేకంగా కొండ కోసమే ఫ్రేము తయారు చేశారు. ఇరవై ఏళ్ళు తిరక్కుండా 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఇది పతకం ఉన్న ఆట అయింది. అయితే ఆ తెగువగల కుర్రాళ్ళు పందెం ఎలా నడిపారో కూడా చూడాలి. గుంపుగా వదల్లేదు. ఒక్కొక్కరినీ విడివిడిగా, కొద్ది నిమిషాల తేడాతో పంపి, గడియారం పెట్టి కొలిచారు. ఎవరి దారి వాళ్ళది, ఎవరి వేగం వాళ్ళది. పక్కవాడి చక్రాన్ని చూసి తన బ్రేకు వదలాల్సిన అవసరం అందులో లేదు. మొదటి పందెంలో గెలిచిన అలన్ బాండ్స్ కింద పడకుండా చేరిన మనిషి. తెగువ వేరు, పక్కవాళ్ళ ముందు చిన్నబోకూడదని లాక్కుపోవడం వేరు. తెగువ చూపేవాళ్ళు తాము చేయబోయేది ఎంత కష్టమో లెక్క వేసుకుని దిగుతారు. మొహమాటంతో దిగేవాళ్ళకు ఆ లెక్క వేసుకునే తీరిక ఉండదు, ముందువాళ్ళ వెనక చక్రమే వాళ్ళ లెక్క.

ఇదే అభ్యంతరాన్ని ఇంకొకరు వేరేలా అడుగుతారు: హద్దు దాటకపోతే ఎదుగుదల ఎలా? హద్దు ఎక్కడుందో పైకి అన్నవాళ్ళకే దాన్ని దాటే అభ్యాసం దొరుకుతుంది అన్నది నా జవాబు. బాగా తొక్కేవాళ్ళు కష్టమైన చోటును ఎలా నేర్చుకుంటారో గమనించండి. ఒక మెట్టులాంటి రాయి వస్తే దిగిపోతారు, సైకిల్‌ను పక్కన పడుకోబెడతారు, కాలినడకన కిందికి వెళ్ళి పైకి చూస్తారు, చక్రం ఎక్కడ పెట్టాలో ఎంచుకుంటారు, ఆ ముక్కనే మళ్ళీ మళ్ళీ దిగుతారు. ఆ నాలుగు గజాల్లో నేర్చుకోవాల్సింది చాలా ఉంది. రెండు పెడళ్ళూ నేలకు సమాంతరంగా ఉంచాలి, లేకపోతే కింద ఉన్నది రాయికి తగులుతుంది. సీటు దించి, దాని మీద కూర్చోకుండా కాళ్ళ మీద నిలబడాలి. మోచేతులు వంగి బయటికి తిరిగి ఉండాలి, నడుము కొద్దిగా వెనక్కి వెళ్ళాలి. చూపు ముందు చక్రం మీద కాకుండా కొన్ని గజాల అవతల నిలవాలి, ఎందుకంటే సైకిల్ చూపు వెంటే వెళ్తుంది, గుంతను చూస్తే గుంతలోకే. మలుపులోకి వెళ్ళాక బ్రేకు పట్టకూడదు, వెళ్ళకముందే వేగం తగ్గించుకోవాలి. వీటిలో ఏ ఒక్కటీ గుంపు వెనక పరుగెడుతూ అలవాటు కాదు. ‘ఇక్కడ ఒక పావుగంట ఆగుదాం, నాకు ఇది రావట్లేదు’ అన్నవాళ్ళకే అవుతుంది. అనని మనిషి సాయంత్రానికి బతికి బయటపడతారేమో గానీ పొద్దున వచ్చినంతే తెలిసి ఇంటికి వెళ్తారు.

రెండో అభ్యంతరం స్నేహితుల వైపు నుంచి వస్తుంది. నెమ్మదిగా వెళ్ళేవాళ్ళు ఒకరుంటే మిగతావాళ్ళ రోజు పాడవుతుంది, వాళ్ళూ సెలవు పెట్టుకునే వచ్చారు కదా అని. న్యాయమైన మాటే, దీన్ని త్యాగాల మీద వదిలేయకూడదు, ఏర్పాటుతో తీర్చాలి. చైనా క్యాంప్‌లో అయితే వేగంగా తొక్కేవాళ్ళు పై బాట పట్టి, నెమ్మదివాళ్ళు కింది బాటన వెళ్ళి, ఒక ఒప్పుకున్న కూడలి దగ్గర కలుసుకోవచ్చు. కలిసి వెళ్ళేచోట బాగా వచ్చినవాళ్ళలో ఒకరు అందరికంటే వెనక ఉండాలి, ప్రతి చీలిక దగ్గరా ముందువాళ్ళు ఆగాలి. ఆగడంలోనూ ఒక అన్యాయం ఎప్పుడూ జరుగుతుంటుంది. ముందు చేరినవాళ్ళు పది నిమిషాలు నీడన కూర్చుని నీళ్ళు తాగుతారు, చివరి మనిషి చెమటతో వచ్చి చేరగానే ‘పద పద’ అని లేస్తారు. అందరికంటే అలసినవాళ్ళకు అందరికంటే తక్కువ విశ్రాంతి. అలా మూడు కూడళ్ళు దాటితే ఆ మనిషి కాళ్ళు వణుకుతాయి, వేళ్ళు బ్రేకు మీద బిగుసుకుపోతాయి. చివరి మనిషి వచ్చాక ఐదు నిమిషాలు గడిచేదాకా ఎవరూ కదలకూడదని ముందే అనుకుంటే ఇది పోతుంది. దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళకు దారివ్వడం, సైకిల్‌వాళ్ళు నడిచేవాళ్ళకూ గుర్రాలకూ దారివ్వడం ఇంబా నియమాల్లో ఉన్నదే. బలం ఉన్నవాళ్ళు ఆగాలి అన్నది ఆ బాట మర్యాదలో ముందునుంచీ ఉంది, అదే మర్యాదను సొంత జట్టులోకి తెచ్చుకోవడమే ఇది.

అద్దె డబ్బు ఇంకో రకం ఒత్తిడి. రోజంతటికీ కట్టాం కాబట్టి రోజంతా తొక్కాలి అనిపిస్తుంది. 1985లో హాల్ ఆర్క్స్, క్యాథరిన్ బ్లూమర్ ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఒహాయో విశ్వవిద్యాలయం నాటకాల సీజన్ టికెట్లు కొనడానికి వచ్చినవాళ్ళలో కొందరికి పూర్తి ధరకు, కొందరికి లాటరీ పద్ధతిలో తగ్గింపు ధరకు ఇచ్చారు. నాటకాలు అందరికీ అవే. అయినా సీజన్ మొదటి సగంలో పూర్తి ధర కట్టినవాళ్ళు తగ్గింపు దొరికినవాళ్ళకంటే ఎక్కువ నాటకాలకు వెళ్ళారు. తిరిగిరాని డబ్బు తర్వాతి నిర్ణయాన్ని లాగుతుందన్నమాట. నాటకం విషయంలో దాని నష్టం ఒక సాయంత్రం. కొండ మీద మధ్యాహ్నం మూడు గంటలకు, నీళ్ళు అయిపోవస్తున్నప్పుడు, వేళ్ళలో పట్టు తగ్గినప్పుడు, ‘సైకిల్ ఐదింటిదాకా మనదే, ఇంకొక్క చుట్టు’ అన్న మాట దగ్గర అది వేరు. ఆ చుట్టు వద్దనుకున్నవాళ్ళు కార్ల దగ్గర కూర్చుంటామని చెప్పి కూర్చోవాలి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు వీలుంటే సగం రోజు అద్దె మేలు, ఖర్చు తక్కువని కాదు, ఆపడం తేలికవుతుందని.

హెల్మెట్ గురించి వాదన పెట్టుకోవాల్సిన పనే లేదు. కాలిఫోర్నియా చట్టం 18 ఏళ్ళ లోపువాళ్ళకే తప్పనిసరి చేసింది, పెద్దవాళ్ళకు ఎంపికగా వదిలింది. కానీ ఆస్ట్రేలియా పరిశోధకులు జేక్ ఆలివర్, ప్రుడెన్స్ క్రైటన్ 40 అధ్యయనాలను, 64,000 మందికి పైగా గాయపడ్డ సైక్లిస్టుల వివరాలను కలిపి చూసినప్పుడు, హెల్మెట్ ఉన్నవాళ్ళలో తీవ్రమైన తల గాయాల అవకాశం 69 శాతం తక్కువని తేలింది. పెద్దవాళ్ళు కూడా పెట్టుకోవాలి, అంతే.

చివరి అభ్యంతరం ఎవరూ పైకి అడగనిది, అసలైనది: ఇలా చెబితే చులకనైపోమా? అవుతారు, కొన్ని జట్లలో. ఒకరి భయాన్ని సోమవారం దాకా వాట్సాప్‌లో నవ్వులాటగా మార్చే జట్లున్నాయి. అలాంటి జట్టుతో సినిమాకో భోజనానికో వెళ్ళవచ్చు, కొండ మీదికి వెళ్ళకూడదు, ఎందుకంటే అక్కడ ఒకరికి దెబ్బ తగిలితే కిందికి మోసుకురావాల్సినవాళ్ళు వాళ్ళే. అయితే ప్రతి జట్టూ అలా ఉండదు, ఆష్ గదిలో జరిగినది గుర్తు చేసుకోండి. బయటికి ఒకే జవాబు చెప్పే గుంపులో లోపల వేరే జవాబు ఉన్నవాళ్ళు ఉంటారు, వాళ్ళు ఎదురు చూసేది మొదటి గొంతు కోసం. చెప్పే తీరులో కూడా తేడా ఉంది. ‘నా వల్ల కాదులే, మీరు వెళ్ళండి’ అని తప్పుకుంటే జట్టుకు బాధ్యత మిగులుతుంది, పిలిచి బతిమాలాలి. ‘ఆకుపచ్చ బాటల మీద నేను బాగానే వస్తాను, నీలం వస్తే నిటారు చోట దిగి నడుస్తాను, నా కోసం కింద ఆగండి’ అంటే వాళ్ళకు ఏం చేయాలో తెలుస్తుంది. ఒకటి మనసు నొచ్చుకున్న మాట, రెండోది పని చెప్పిన మాట. రెండో దానికి నవ్వే స్నేహితులు అరుదు.

సాయంత్రం సైకిల్ తిరిగి ఇచ్చేటప్పుడు ఇదే పరీక్ష మరోసారి ఎదురవుతుంది, ఈసారి డబ్బుతో ముడిపడి. తీసుకున్నప్పుడే నాలుగు వైపులా ఫోటోలు తీసి ఉంటే పాత గీతలెవరివి అనే గొడవ రాదు. కొత్తగా ఏదైనా జరిగితే మాత్రం దుకాణంవాళ్ళు కనిపెట్టేదాకా ఆగకుండా చెప్పాలి. కుడివైపుకు పడితే గేర్లు మార్చే డిరైలర్‌ను పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క లోపలికి వంగుతుంది. కంటికి పెద్దగా తెలియదు, సమతల రోడ్డు మీద తొక్కితే కూడా తెలియదు. మర్నాడు పొద్దున అదే సైకిల్‌ను ఇంకొకరు తీసుకుని, ఎక్కుడు వచ్చిందని అన్నిటికంటే తేలిక గేరుకు మార్చినప్పుడు ఆ డిరైలర్ చక్రం చువ్వల్లోకి దూరి చక్రం బిగుసుకుపోగలదు. హెల్మెట్ కూడా అద్దెదే అయి, దానికి దెబ్బ తగిలి ఉంటే, పైన గీత లేకపోయినా లోపలి నురుగు నలిగి ఉండవచ్చు, అది మళ్ళీ యథాస్థితికి రాదు. అందువల్ల దుకాణంలో చెప్పాల్సినవి స్పష్టంగా చెప్పండి: ఎన్నిసార్లు పడ్డారు, ఏ వైపు పడ్డారు, తల నేలకు తగిలిందా, ఏ గేరులో చప్పుడు వస్తోంది.